రంగెల్ తల ఎటు ఊపాడు

మా హస్కొవో ఊరి బజారు మలుపులో పేపర్ల బడ్డీ నాది. దాని ముందు రోడ్డు దాటడానికి రోజూ పావుగంట తీసుకునే ముసలావిడ స్తోయ్న. కారు ఆగితే ఆమెకు చాలదు. డ్రైవరు కళ్ళలోకి సూటిగా చూసి, స్టీరింగు మీంచి వాడి రెండు చేతులూ పైకెత్తించి, అప్పుడు కదులుతుంది. వెనక హారన్లు మోగితే మోగనీ అంటుంది.

"వాళ్ళు రమ్మని సైగ చేస్తే రావచ్చుగా వదినా" అన్నాను ఒకసారి.

"సైగ నమ్మినాయన మట్టిలో ఉన్నాడు."

నిజమే. నాలుగేళ్ళ కిందట ఆమె భర్త వెల్కోని రొట్టెల వ్యాను గుద్దింది, నా కళ్ళ ముందే. నడిపినవాడు రంగెల్. పన్నెండేళ్ళు జర్మనీలో లారీ తోలి అప్పుడే ఊరికి తిరిగొచ్చాడు. మలుపులో వ్యాను ఆపాడు. రోడ్డంచున నిలబడ్డ వెల్కో, రానా అన్నట్టు చూశాడు. రంగెల్ తల అడ్డంగా ఊపాడు. మా దేశంలో తల అడ్డంగా ఊపితే సరేనని, నిలువుగా ఆడిస్తే వద్దని. వెల్కో రోడ్డు మీదికి దిగాడు. వ్యాను కదిలింది.

"వద్దనే చెప్పాను" అని రంగెల్ కోర్టులో ఒట్టేశాడు. రమ్మన్నాడని నేను చెప్పాను. తల ఎటు ఊపాడని మా ఇద్దరిలో ఎవర్నీ ఎవరూ అడగలేదు. వాడికి రెండేళ్ళు జైలు పడింది. స్తోయ్న నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నేను ఛాతీ విరుచుకునే ఇంటికెళ్ళాను, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గు.

మొన్న మార్చిలో రంగెల్ నా బడ్డీకి వచ్చాడు. మొహం మాడ్చుకునే పేపరిచ్చాను.

"సిగరెట్లు కూడానా?"

తల అడ్డంగా ఊపాడు. పెట్టె తీసి ముందు పెట్టాను.

"వద్దన్నాను కదా బాబాయ్."

"ఎప్పుడన్నావ్?"

"ఇప్పుడేగా."

పెట్టె వెనక్కి తీసుకున్నాను. అడ్డంగా ఊపితే వద్దనే జర్మనీలోనే వాడి తల ఉండిపోయింది. ఆ సంగతి వాడికే తెలియదు.

ఆ సాయంత్రమే స్తోయ్నకు చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"వాడేం పెట్టాడు నీకు?"

"ఏమీ పెట్టలేదు వదినా."

"మరి కోర్టులో చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా?"

"అప్పుడూ చూసిందే చెప్పాను, ఇప్పుడూ చూసిందే చెబుతున్నాను."

"నేనే చూస్తా. ముందుగా వాడి చెవిన వేశావో, చచ్చినా నీ మొహం చూడను."

నాలుగు రోజులు బడ్డీ వెనక స్టూలేసుకుని కాపు కాసింది. వాడొచ్చిన ప్రతిసారీ వాణ్ణి వదిలేసి నన్నే చూసేది, కళ్ళతో ఏమైనా చెబుతానేమోనని. అయిదో రోజు పొద్దున రంగెల్ పేపరు మడుస్తుండగా, జున్ను పెట్టి కాల్చిన బనిత్సా ముక్క పట్టుకుని చటుక్కున ముందుకొచ్చింది.

"తింటావా?"

ఆమెను గుర్తుపట్టి రంగెల్ బిగుసుకుపోయాడు. తల అడ్డంగా ఊపాడు.

"తీసుకో మరి" అంటూ ఆమె ముక్కను వాడి చేతి దాకా తెచ్చింది.

"వద్దు పిన్నీ. మీరు పెట్టింది నాకు గొంతు దిగదు." మళ్ళీ అడ్డంగానే ఊపాడు.

వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు. స్తోయ్న స్టూలు మీద కూలబడింది. బనిత్సా చేతిలోనే నలిగిపోతోంది.

"రోజూ వీణ్ణి తిట్టుకునే నిద్రపోయేదాన్ని" అంది. "ఇప్పుడెవర్ని తిట్టుకోను గెన్చో?"

నన్ను తిట్టుకోమని చెప్పాలి. కోర్టులో అంత తొందరగా తెరుచుకున్న నోరు అప్పుడు పెగల్లేదు.