జితేందర్ స్కోప్ కొన్న వైనం

జితేందర్ ఏ వస్తువునూ తాను చూసుకుని కొనడు. ఊరందరి చేతా వాడించి, అందరి ప్రాణాలూ తోడేసి, అప్పుడు కొంటాడు. అమెరికాలోని మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళు అతనింటికి భోజనానికి వెళ్ళేముందు "ఈమధ్య ఏమైనా కొంటున్నాడా?" అని త్రివేణికి ఫోన్ చేసి కనుక్కుంటారు. త్రివేణి అతని భార్య. ఆవిడ పాపం నిజమే చెబుతుంది. సగంమంది మానేస్తారు.

మిక్సీ కొన్నప్పుడు మూడు మిక్సీల్లో ఒకే కొబ్బరి పచ్చడి రుబ్బి మాకు పెట్టాడు. మూడూ ఒకేలా ఉన్నాయన్నాం. "మనసు పెట్టి తినుండ్రి" అని మళ్ళీ వడ్డించాడు. పరుపు కొన్నప్పుడు కృష్ణమూర్తిగారిని భోజనానికి పిలిచి, చెయ్యి కడుక్కోగానే పడుకోబెట్టాడు. ఆయన హాయిగా నిద్రపోయారు. తట్టిలేపి, "సార్, జర ఎడమ దిక్కు తిరిగి పండుకోండి. నడుము ఎట్లుందో చెప్పుండ్రి" అన్నాడు. ఆయన అప్పటినుంచీ ఆ ఇంట్లో కూర్చోవడానికి కూడా ఆలోచిస్తారు.

ఇన్ని చేసి కొన్నదాన్ని వారం తిరక్కుండా దుకాణంలో తిరిగిచ్చేస్తాడు. రిటర్న్స్ కౌంటర్‌లో అమ్మాయి ఇతన్ని చూడగానే "ఈసారి ఏమైంది, జిత్?" అని పలకరిస్తుంది.

అలాంటి మనిషి 2010 సెప్టెంబర్‌లో పక్కింట్లో ఉండే నాకు ఫోన్ చేసి, "అన్నా, తుపాకీకి స్కోప్ కొనాలె" అన్నాడు. నేను నిలబడ్డవాణ్ణి కూర్చుండిపోయాను.

అతను కార్ల హెడ్‌లైట్లు పరీక్షించే ల్యాబ్‌లో ఇంజనీర్. పక్క బెంచీ డేల్‌ది. అమెరికా వచ్చిన కొత్తలో మంచులో కారు నడపడం దగ్గర్నుంచి జితేందర్‌కి అన్నీ నేర్పిన పెద్దమనిషి. ఏటా నవంబర్‌లో ఇతన్ని వెంటబెట్టుకుని ఉత్తరాన అడవికి జింకల వేటకు వెళ్తాడు. జితేందర్ ఇంతవరకూ ఒక్క జింకనీ కొట్టలేదు. ఏ జింకను కొట్టాలో అతను తేల్చుకునేలోపు అవి వెళ్ళిపోతాయి.

"సీజన్ నవంబర్ పదిహేనున మొదలైతది. గా లోపల తేలాలె" అన్నాడు.

స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే దుర్బీను. పట్టపగలు ఏ స్కోప్ అయినా బ్రహ్మాండంగానే ఉంటుంది. జింకలు తిరిగేది తెల్లవారుతుండగానూ, సందె వాలుతుండగానూ. ఆ మసకలో ఏది బాగా చూపిస్తుందన్నది అసలు ప్రశ్న. వేట సామాన్ల దుకాణానికి నన్నూ లాక్కెళ్ళి, అక్కడి సేల్స్‌మన్‌ని "కాసేపు లైట్లు ఆర్పుతారా?" అని అడిగాడు. ఆయన ఆర్పనన్నాడు. చివరికి నాలుగు స్కోప్‌లు పట్టుకుని, సూర్యాస్తమయానికి మాతోపాటు పార్కింగ్ లాట్‌లోకొచ్చి నిలబడ్డాడు. పాపం, ఇంటికి వెళ్ళే టైము కూడా దాటిపోయింది.

ఆ మర్నాటినుంచి మా సాయంత్రాలు మావి కాకుండా పోయాయి. వాళ్ళ పెరట్లో కంచె దగ్గర అట్టపెట్టె కత్తిరించి చేసిన జింక. దాని కొమ్ములు త్రివేణి బట్టల హ్యాంగర్లు. ఇటు ఇంటి వెనక చెక్క వసారా, అదే డెక్, దానిమీద కెమెరా స్టాండుకి బిగించిన స్కోప్. తుపాకీ మాత్రం బేస్‌మెంట్‌లో తాళం వేసి ఉంది.

"ఒక్కసారి చూసి చెప్పు అన్నా."

చూశాను. "ముందు అద్దం పెద్దగా ఉన్నదాంట్లో జింక మెరిసిపోతోంది. కొనెయ్."

"నీకు కనిపిస్తది. అమ్మను పిలువు."

మా అమ్మ రాజేశ్వరమ్మ ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చింది. "వేటకెళ్ళేది మా అమ్మ కాదు కదయ్యా!" అన్నాను. అతను వినకుండా కుర్చీ తెచ్చి వేశాడు.

అమ్మ శాలువా సర్దుకుని చూసింది. "ఏదో నల్లగా ఉంది నాయనా. గేదెలా ఉంది."

"నడుమ గురికి అడ్డం నిలువు గీతలున్నయి, కనిపిస్తున్నయా?"

"గీతలా? నాకే గీతా కనబడ్డం లేదు."

అంతే, ఆ స్కోప్ మర్నాడే వాపసు. ఇంకోదానికి కన్ను బాగా దగ్గరపెట్టాలి. అమ్మ కళ్ళజోడు టక్కుమని తగిలింది. అదీ వాపసు. నేను బాగుందన్నదల్లా పోతోంది, అమ్మ ఊఁ అన్నది నిలుస్తోంది. ఇంట్లో నా మాటకి విలువ లేకపోవడం నాకు అలవాటే. పక్కింట్లో కూడా లేకపోయేసరికి ఒళ్ళు మండింది.

అక్టోబర్‌లో కొత్త వార్త చెప్పాడు. "డేల్ ఈసారి వేటకు రాడంట అన్నా. చలి పడ్తలేదంటున్నడు. ఇగ మానేస్తడంట."

"మంచిది. గురువే రానప్పుడు నీకు స్కోప్ ఎందుకు? మానెయ్!"

"అట్లెట్ల? గందుకే జల్ది తేలాలె."

ఇందులో తలా తోకా ఉంటే ఎవరైనా నాకు చెప్పాలి.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. త్రివేణి ఇంట్లో మాంసం బంద్ చేసి, సందెవేళ డెక్ మీద తులసి దగ్గర దీపం పెట్టడం మొదలుపెట్టింది. జితేందర్ లబోదిబోమన్నాడు.

"దీపం పెడితే కండ్లకు మసక అలవాటు పోతది త్రివేణీ! జరసేపాగి పెట్టు."

"జింక కోసం దేవుణ్ణి ఆపమంటరా? అట్ట జింక కోసం!"

"నువ్వెలాగూ ఈ నెల మాంసం తినవు. ఇక వేటేమిటి?" అని నేనూ అందుకున్నాను. జితేందర్ దీపానికి అడ్డంగా పీట నిలబెట్టి, "అమ్మా, ఇప్పుడు చూడు" అన్నాడు.

అదృష్టం బాగోక ఆ ఆదివారమే మా వాళ్ళ కార్తీక వనభోజనాలు. ఉసిరిచెట్టు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయలు నాలుగు పళ్ళెంలో పెట్టి, పార్కులో మేపుల్ చెట్టుకింద పూజ కానిచ్చి, కోట్లు వేసుకునే పులిహోర తిన్నాం. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలందరూ ఒక్కచోట చేరారు. జితేందర్ మొహం వెలిగిపోయింది. కారు డిక్కీలోంచి స్టాండు దిగింది.

సాయంత్రానికి మంకీ క్యాప్‌ల వరస కట్టించాడు. అంతలో చెట్లవారన నిజం జింకలే వచ్చాయి. పెద్దవాళ్ళు నువ్వు జరుగంటే నువ్వు జరుగని తోసుకున్నారు. విశ్వనాథంగారైతే ఒకసారి చూసి మళ్ళీ వరసలో చివర నిలబడ్డారు.

మా అమ్మ చాలాసేపు చూసి తలెత్తింది. "గీతలు లావుగా, బాగా కనిపిస్తున్నాయి. జింక చెవులు కదపడం కూడా తెలుస్తోంది. ఇంత ముద్దొచ్చేదాన్ని కొడతావా నాయనా, ఈ మాసంలో?"

"నేను కొట్టను అమ్మా."

"మరి ఇదంతా ఎందుకు?"

"మంచిగ కనిపిస్తున్నది కదా? గంతే చాలు" అని స్కోప్ మూటగట్టేశాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పార్కులో గోడ లేదు.

సీజన్‌కి ముందు శనివారం సాయంత్రం, "డేల్ ఇంటిదాక పోయొద్దాం, రా అన్నా" అన్నాడు. డేల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. గోడకి వేట జాకెట్టు వేలాడుతోంది. ఆయన దానివైపు చూడకుండా కాఫీ ఇచ్చాడు.

"డేల్, ఈ స్కోప్‌తో నా ప్రాణం పోతోంది. కొన్నాను, నాకు నచ్చలేదు" అన్నాడు జితేందర్ ఇంగ్లీషులో.

డేల్ పగలబడి నవ్వాడు. "నీకేది నచ్చింది కనక! తిరిగిచ్చెయ్."

"ఇక తీసుకోరట. మరీ ఎక్కువగా తిరిగిస్తున్నానని తరిమేశారు."

నేను నోరు తెరిచాను. ఆ పొద్దున్నే వేట సామాన్ల దుకాణం కౌంటర్‌లో అమ్మాయి ఇతని దగ్గర ఇంకో స్కోప్ నవ్వుతూ తీసుకోవడం కళ్ళారా చూశాను. జితేందర్ నా కాలు తొక్కాడు. స్నో బూటుతో.

"దీంట్లో లోపమేమిటి?" అని అడిగాడు డేల్.

"గీతలు మరీ లావు. నా కళ్ళకి పడవు. ఒక్కసారి చూసి చెప్పు."

సూర్యుడు దిగిపోయాడు. పెరటి చివర చెట్లు నల్లగా ముద్దకట్టాయి. డేల్ కళ్ళజోడు తియ్యకుండానే కన్ను ఆనించాడు.

"ఆ బర్చ్ చెట్టు మీద..." అన్నాడు మెల్లగా, "నా మనవడి గాలిపటం ఉంది. వేసవినుంచీ వెతుకుతున్నాం."

ఆయన స్కోప్ వదల్లేదు. చెట్టుచెట్టూ, కొమ్మకొమ్మా చూస్తున్నాడు.

"పడేసేబదులు నువ్వే ఉంచుకో. నాకెందుకూ పనికిరాదు" అన్నాడు జితేందర్, చేతిగడియారం చూసుకుంటూ.

"రేపు పొద్దున్నే బిగించి గురి సరిచూసుకోవాలి. మధ్యాహ్నానికి బయల్దేరితే అడవికి చీకటిపడేలోపు చేరతాం. ఆలస్యం చేస్తే నిన్ను వదిలేసి వెళ్తా." అంటూనే డేల్ లేచి, గోడమీది జాకెట్టు దులిపాడు.

కారెక్కాక పట్టుకున్నాను. "ఇది ఆయన కోసమా?"

"పోయినేడు సందెల మా ముందట్నుంచే జింక పోయింది అన్నా. ఆయనకు కనిపించలే. చలి అన్నడు. హెడ్‌లైట్ల ల్యాబ్‌ల ముప్పై ఏండ్లు చేసినోడు, కండ్లు మసకైనయని నోటితోని ఎట్ల చెప్తడు?"

"డాక్టర్‌కి చూపించుకోవచ్చుగా?"

"చూపించుకున్నడంట. వాళ్ళావిడ నాకు చెప్పింది. వయసుతోని వచ్చిందేనంట. చీకట్ల కంటిపాప మునుపటోలె విచ్చుకోదు. ముందటి అద్దం ఎంత పెద్దదై వెలుగు తెచ్చినా కంట్లకు దిగదు. నువ్వు చూసి చెప్తే నాకేం తెలుస్తది? మీ అమ్మదీ ఆయనదీ ఒక్కటే వయసు."

రెండు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఇలాంటి మనిషిని తిట్టే అవకాశం కూడా లేకుండా చేసినందుకు ఇంకా కోపం వచ్చింది. కళ్ళు మాత్రం చెమర్చాయి. హీటర్ ఎక్కువైందని చెప్పాను.

"మరి అక్కడ నువ్వేం చేస్తావ్, కార్తీకమాసంలో?"

"పక్కన కూసుంట. పులిహోర తింట."

వారం తర్వాత అడవినుంచి తిరిగొచ్చి ఫోన్ చేశాడు. డేల్‌కి జింక దొరికిందట, మనిషి పాతికేళ్ళవాడిలా నడిచాడట. సంతోషించి పెట్టేయబోతుంటే గొంతు తగ్గించాడు.

"అన్నా, నేను వెనకనుంచి పిలిస్తే డేల్‌కి సరిగ్గ వినొస్తలేదు. చెవికి పెట్టుకునే మిషన్లు నాలుగు రకాలు తెచ్చిన. అమ్మ ఇంకెన్ని రోజులుంటది?"

నేను జవాబు చెప్పేలోపే, స్పీకర్‌ఫోన్‌లో అంతా విన్న మా అమ్మ శాలువా కప్పుకుని, పక్కింటికి బయల్దేరడానికి గుమ్మం దగ్గర నిలబడింది.