అంకెల దశరథం

దశరథానికి మనుషులు కనబడరు, అంకెలే కనబడతాయి. జగిత్యాలలో నేను నర్సుగా చేసే ఆసుపత్రిలో అతను ల్యాబ్ టెక్నీషియన్. "బాగున్నవా అన్నా?" అంటే, "హిమోగ్లోబిన్ పదమూడున్నర. నీది పది దాటిందా, చెల్లె?" అంటాడు.

ఒకసారి కోరుట్లలో పెళ్ళికి వెళ్ళాం. అందరూ అక్షింతలు వేస్తుంటే, ఇతను పెళ్ళికూతురి మేనమామ చేతిలోని లడ్డూ లాక్కున్నాడు. "మొన్ననే చూసిన. నీ షుగర్ మూడు వందల పది!" ఆ తర్వాత మమ్మల్ని పెళ్ళికి పిలిచినవాళ్ళు లేరు.

ఆ ఏడు సిరిసిల్ల నుంచి ముత్తయ్య అనే మరమగ్గాల కార్మికుణ్ణి తెచ్చారు. మగ్గాలు ఆగి, పని లేక, ఖర్చుకు భయపడి కాలి పుండు సంగతి దాచుకున్నాడు. విషం రక్తానికెక్కి ఐసీయూలో పడ్డాడు. భార్య ఐలవ్వ తలుపు దగ్గరే కూర్చుంది. కొడుకు శ్రవణ్ దుబాయిలో ఉన్నాడు, కంపెనీ సెలవివ్వలేదు.

"షుగర్ రెండు వందల నలభై" అన్నాడు దశరథం.

ఐలవ్వ అదిరిపడింది. "ఆయనకు షుగర్ లేదు సారూ! నేను చాయ సుత పొయ్యలే!"

"నువ్వు పొయ్యలే అవ్వా. రోగం ముదిరితే ఒళ్ళే చక్కెర తీసి రక్తంల పోస్తది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూసిండ్రు గని, నీ పెనిమిటి కాలేయంల తెరిచిండ్రు!"

అంత గండంలోనూ ఐలవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఒంటికి ప్రాణవాయువు చాలకపోతే రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది. ఆ పరీక్ష చేసినప్పుడల్లా దశరథం ఎవరికో ఫోన్ చేసి, క్రికెట్ స్కోరులా "ఆరున్నర... ఇప్పుడు ఐదు" అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండింది.

"మనిషి ప్రాణం మీద ఉంటే, ఎవలికి అన్నా, గీ లెక్కలు?"

"శ్రవణ్‌కు. నేను మస్కట్‌ల ఉన్నప్పుడు మా నాయినకు గిట్లనే అయింది. ఎవలకు ఫోన్ చేసినా 'మంచిగనే ఉన్నడు' అన్నరు. సచ్చిపోయినంక గూడ రెండు దినాలు మంచిగనే ఉన్నడు, చెల్లె!"

ఆ తర్వాత ముత్తయ్య రక్తం నమూనా నేనే పరుగున ల్యాబ్‌కు చేర్చేదాన్ని.

లాక్టేట్ ఒకటిన్నరకు, అంటే మామూలు స్థాయికి దిగిన రోజు, దుబాయిలో శ్రవణ్ ఉండే గదిలోని పన్నెండు మంది వేసిన కేకలు ఫోన్‌లోంచి వరండా అంతా వినిపించాయి.

మరో రెండు రోజులకు ముత్తయ్య ఫోన్‌లో కొడుకుతో మాట్లాడాడు. "గీళ్ళు జావల ఉప్పేస్తలేరురా! బుద్ధున్నదా వీళ్ళకు?"

శ్రవణ్ కంగారుపడ్డాడు. "అన్నా, నాయిన గట్ల తిడుతున్నడేంది?"

దశరథం ఫోన్ అందుకున్నాడు. "భయపడకు తమ్మీ. గింత మంచి రిపోర్టు మా ల్యాబ్‌ల ఎన్నడు రాలే."

ఆపైన డాక్టరునడిగి, చిటికెడు ఉప్పు తానే తెచ్చి జావలో కలిపాడు.