కిటికీలోంచి ఎక్కిన చాంపియన్

మాస్కులు ముక్కు మీద కంటే గడ్డం కిందే ఎక్కువగా కాపురం చేసిన రోజులవి. కరోనా కాస్త తగ్గి, చలికాలం వచ్చి, షార్జాలో మనుషులు మళ్లీ ఒకరికొకరు చేతులు కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే, అప్పట్లో మా అందరికీ తలకాయలో ఒక నట్టు వదులైందేమో అనిపిస్తుంది. నెలల తరబడి లేబర్ క్యాంపు గదిలో పై మంచం వాడి మడమలు చూస్తూ పడుకున్నవాడికి, బయటికి రాగానే ఏ పిచ్చి పనైనా ముచ్చటగానే తోస్తుంది. లేకపోతే డ్రైవింగ్ టెస్టు తప్పడమే వృత్తిగా పెట్టుకున్న నేను కారు రేసులో దిగడమేమిటి, అదీ ప్రొఫెషనల్ రేసులో.

నేనప్పుడు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజ్‌లో హెల్పర్‌ని. ఏడో తరగతిలోనే బడికీ నాకూ ఖలాస్ అయింది కనుక (తప్పు బడిది కాదు, అది చివరిదాకా నాకు అవకాశాలిస్తూనే వచ్చింది) మా అక్క మొగుడు, అంటే మా బావ, నన్ను దుబాయ్ (మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే) తీసుకొచ్చి తను పనిచేసే గ్యారేజ్‌లోనే పెట్టించాడు. బావ డెంటర్. సొట్టలు తీయడంలో, వెల్డింగ్ కొట్టడంలో ఆయన చేయి పడ్డాక ఇనుము కూడా బుద్ధిగా ఉండేది. నా పని మాత్రం కార్ల కింద దూరి వెల్లకిలా పడుకోవడం. లోకమంతా కార్లను పైనుంచి చూస్తుంటే నేను కిందనుంచి చూసేవాణ్ణి. ముఖం మీద బొట్టుబొట్టుగా పడే ఆయిల్ రుచిని బట్టి అది ఏ కంపెనీ బండో చెప్పగలిగేంత అనుభవం వచ్చింది గానీ, ఆ విద్యకు పైసా జీతం పెరగలేదు.

నాకు ఉన్నదల్లా ఒకటే కోరిక, రికవరీ బండి. చెడిపోయిన కార్లను ఎక్కించుకొచ్చే ఆ పచ్చ బండి డ్రైవర్ కరోనాలో ఇంటికి పోయి తిరిగి రాలేదు. దాని తాళంచెవి మా అర్బాబ్, అంటే మా గ్యారేజ్ యజమాని, ఆఫీసు గోడకు ఒక మేకుకు వేలాడుతుండేది. ఏసీ ఉన్న సీటు, ఎత్తు మీద కూర్చోవడం, కింద పడుకోవాల్సిన పని లేకపోవడం. ఇంతకంటే స్వర్గంలో మాత్రం ఏముంటుంది? అడ్డమల్లా లైసెన్స్. నాకు కారు నడపడం రాక కాదు, రౌండ్ అబౌట్ రాక. మొదటి టెస్టులోనే నిండు వాటర్ ట్యాంకర్ ముందుకు దర్జాగా దూరాను. పక్కన కూర్చున్న పోలీసాయన కళ్లు మూసుకుని ఏదో చదువుకుని, కళ్లు తెరిచి ఇంకా బతికే ఉన్నందుకు ఆశ్చర్యపోయి, “ఖలాస్, పక్కకాపు” అన్నాడు. అప్పటినుంచి రౌండ్ అబౌట్ కనిపిస్తే చాలు, బ్రేకు తొక్కేసేవాణ్ణి. నాకు డ్రైవింగ్ నేర్పే ఉస్తాద్, గోరింటాకు గడ్డం పెద్దాయన, ఒకటే మంత్రం చెప్పేవాడు. “బేటా, గోల్ చక్కర్‌లో లోపల ఉన్నవాడు నవాబు, బయట ఉన్నవాడు ఫకీరు. నవాబులందరూ పోయేదాకా ఫకీరు ఆగాలి. ఎడమకు చూడు, ఆగు. మళ్లీ చూడు, మళ్లీ ఆగు.” (అక్కడ అంతా మన దేశానికి తిరకాసు, బండ్లు కుడిపక్కన నడుస్తాయి, చక్కర్‌లో వచ్చేవి ఎడమనుంచి వస్తాయి, దాటేదీ ఎడమనుంచే.) ఆయన సరే అంటేనే మళ్లీ టెస్టుకు పంపుతారు. నేను నిద్రలో కూడా ఎడమకు తిరిగి పడుకునేవాణ్ణి.

ఇలా ఉండగా మా అర్బాబ్‌కు ఒక ఆలోచన వచ్చింది. (పెద్దవాళ్లకు ఆలోచన వస్తే చిన్నవాళ్లకు పని వస్తుంది.) లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని అమెరికా వాళ్ల స్టాక్ కార్ రేసులు చూశాడట. మామూలు కార్లే గుండ్రంగా తిరుగుతాయి, గుద్దుకుంటాయి, జనం చప్పట్లు కొడతారు. “మనకు స్క్రాప్ కార్లున్నాయి, మెకానిక్‌లున్నారు, ఇసుక ఉంది. ఇంకేం కావాలి?” అని చుట్టుపక్కల గ్యారేజ్ యజమానులను కూడగట్టి, ఊరి బయట సజ్జా అనే ప్రాంతం అవతల ఒక ఖాళీ మైదానం మాట్లాడాడు. “ఇది ఆట కాదు, ప్రొఫెషనల్ రేసు” అన్నాడు. ప్రొఫెషనల్ అంటే ఏందని నేను బావనడిగితే, “జీతమిచ్చి చేపిస్తె ప్రొఫెషనల్, ఉత్తగ చేస్తె పిచ్చిరా” అన్నాడు. కరోనాతో పడిపోయిన గ్యారేజ్‌కు పేరు రావాలని అర్బాబ్ ఆశ. డ్రైవర్‌గా బావ పేరు రాసుకున్నాడు, లైసెన్స్ ఉన్నది ఆయనకే కనుక. నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, “బండి తన చక్రాల మీద తను రేసు పూర్తిచేస్తే చాలు, నువ్వు లైసెన్స్ తెచ్చుకోగానే రికవరీ బండి నీదే. లేకపోతే కొత్త డ్రైవర్‌ని తెప్పిస్తా” అన్నాడు. ఇక చూడండి, ఆ తుక్కు కారుకు నేను చేసిన సేవ మా అక్క పిల్లలకు కూడా చేసి ఉండను. నట్లన్నీ బిగించాను, గొట్టాలన్నీ మార్చాను, రాత్రి పడుకునే ముందు బానెట్ మీద చెయ్యేసి మరీ వచ్చేవాణ్ణి.

అమెరికా రూల్ ప్రకారం లైట్లన్నీ పీకేయాలి, తలుపులు ఊడిపోకుండా వెల్డింగ్ కొట్టేయాలి, డ్రైవర్ కిటికీలోంచి ఎక్కాలి. వెల్డింగ్ అనే మాట వినబడగానే మా బావ ఒంట్లోకి ఏదో పూనింది. రేసు ముందు రోజు సాయంత్రం కూర్చుని నాలుగు తలుపులూ అతుకు కనబడకుండా మూసేశాడు. “ప్రళయమొచ్చినా ఊడది” అని మీసం దువ్వాడు. నిజమే, ఊడలేదు. అన్నాళ్లూ ప్రాక్టీసు తలుపులు తెరిచి కూర్చునే చేశాడు కనుక, కిటికీ వెడల్పు ఎంత, తన నడుము వెడల్పు ఎంత అనే ప్రశ్న ఆ మహానుభావుడికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

మర్నాడు మైదానానికి చేరాం. తెల్ల సున్నం పూసిన పాత టైర్లతో పెద్ద చక్కర్ గీశారు. షార్జాలో రౌండ్ అబౌట్ అంటే మధ్యలో ఏదో ఒక బొమ్మ ఉండాల్సిందే కదా, ఆ అలవాటు చొప్పున మా అర్బాబ్ కూడా, మూతపడిన ఏదో హోటల్ ముందునుంచి కొనుక్కొచ్చిన మనిషెత్తు ఫైబర్ కాఫీ కూజాను నడిమధ్యన నిలబెట్టాడు. గెలిచినవాడికి అదే బహుమతి. దాని పక్కన గుడారం, గుడారంలో అతిథులు, పక్కనే పొయ్యి మీద బిర్యానీ. ఇవన్నీ సరే, ట్రాక్ మొదట్లో ఈలతో, జెండాతో నిలబడ్డది ఎవరనుకున్నారు? మా ఉస్తాద్. అర్బాబ్‌కు తెలిసినవాళ్లలో ఈల ఉన్నవాడు ఆయనొక్కడే. “ఇక్కడ నీ మాటే కానూన్” అని అందరి ముందూ అధికారమిచ్చేశాడు.

కార్లు వరసలో నిలబడుతుంటే బావ హెల్మెట్ (మా గదిలో ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడిది) పెట్టుకుని మా బండి కిటికీలో తల దూర్చాడు. భుజాలు పోయాయి. ఛాతీ పోయింది. పొట్ట దగ్గర మాత్రం బండి ఒప్పుకోలేదు.

“నూకురా” అన్నాడు లోపలినుంచి. నూకాను. ఇంకో అంగుళం పోయి బిగుసుకున్నాడు.

“ఇగ గుంజు.”

“ఏదో ఒకటి జెప్పు బావా, నూకాల్నా, గుంజాల్నా?”

“గుంజురా. ఊపిరాడ్తలేదు.”

“పొద్దున పూరీలు వద్దన్న గదా.”

“బయటికి వచ్చినంక నీ సంగతి జూస్త.”

“గట్లంటె నేనెందుకు గుంజుత?”

చివరికి డబ్బాడు గ్రీజు తెచ్చి నడుము చుట్టూ పట్టించి, ఇద్దరు కాళ్లు పట్టుకుని లాగితే, మా బావ పాత బేరింగ్‌లా చప్పుడు చేస్తూ ఊడి వచ్చాడు. అప్పటికే రేసు మొదలైపోయింది. అర్బాబ్ గుడారంలోంచి మైకులో “యల్లా, హైదరాబాదీ, యల్లా” అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. (మాది జగిత్యాల దిక్కని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తెలుగువాళ్లందరూ హైదరాబాదీలే.) బావ తన పొట్టను చూసుకున్నాడు, కిటికీని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేనప్పుడు సైలెన్సర్ గొట్టంలో కూడా దూరగలిగేంత సన్నం. “ఇసుకల లైసెన్స్ ఎవడడుగుతడురా, ఎక్కు” అని హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టి, నన్నెత్తి, ఉత్తరాల డబ్బాలో కవరు వేసినట్టు లోపల వేసేశాడు.

బండి స్టార్ట్ చేసి ట్రాక్ ముఖద్వారం దాకా బాగానే వచ్చాను. అక్కడ తల ఎత్తి చూస్తే ఎదురుగా ఏముంది? గుండ్రని దారి, మధ్యలో కాఫీ కూజా, ఎడమవైపు నుంచి వస్తున్న కార్లు, వాటన్నిటికీ పక్కన నన్నే చూస్తున్న ఉస్తాద్. నా కాలు నా మాట వినడం మానేసి దానంతటదే బ్రేకు మీద కూర్చుంది. ఎడమకు చూశాను. ఒక నవాబు పోయాడు. ఇంకో నవాబు వస్తున్నాడు. ఆగాను. వెనకనుంచి బావ గ్రీజు కారుతూ పరుగెత్తుకొచ్చాడు.

“ఎవనికోసం ఆగినవ్‌రా?”

“ఎడమ దిక్కు నుంచి బండ్లొస్తున్నయ్ బావా.”

“గవి రేసు బండ్లురా. మల్ల మల్ల గవే వస్తయ్.”

“అన్ని పోనీ, గప్పుడు పోత.”

“యాడికి పోతయ్‌రా గుండ్రంగ తిరుగుతుంటె? బిర్యానీ అయ్యేదాక గిట్లనే కూసుంటవా?”

“ఉస్తాద్ జూస్తున్నడు బావా. వచ్చే వారమే టెస్టు.”

బావ తల మీద చెయ్యి పెట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. నాకూ తెలుసు, బండి కదలకపోతే తాళంచెవి పోతుంది. కదిలితే ఉస్తాద్ ముందు లైసెన్స్ పోతుంది. ఆ రెంటి మధ్యా నా చెమట, పోయేది లేదన్నట్టు, హెల్మెట్‌లోనే నిలిచిపోయింది. అంతలో దేవుడు కరుణించి రెండు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, వెనకవన్నీ నెమ్మదించాయి, దారి ఖాళీ అయింది. అద్దం చూసి, భుజం మీదుగా చూసి, లైట్లు పీకేశారు కనుక కిటికీలోంచి చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చి, పెళ్లికూతురు అత్తగారింట్లో అడుగుపెట్టినట్టు ట్రాక్ మీదికి ప్రవేశించాను. నా చెయ్యి చూసి గుడారంలోని అతిథులు తమకే సలాం చేస్తున్నాననుకుని తిరిగి చేతులూపారు. వరస మారినప్పుడల్లా చెయ్యి చాపడం, వాళ్లు చేతులూపడం. నా అంత మర్యాదస్తుడైన రేసర్‌ను వాళ్లెక్కడా చూసి ఉండరు.

ఇక ఉస్తాద్ సంగతి. జీవితమంతా “నెమ్మది, నెమ్మది” అని చెప్పినవాడి చేతికి ఈలా, అధికారమూ కలిసి వస్తే ఏమవుతుంది? పక్క గ్యారేజ్ కేరళ మేస్త్రి అందరికంటే ముందున్నాడు, నన్ను కుడివైపు నుంచి దాటేశాడు. అంతే, ఉస్తాద్ ఈల వేసి జెండా అడ్డం పెట్టి అతన్ని ట్రాక్ పక్కన ఆపేశాడు.

“కుడి నుంచి ఓవర్‌టేకా? ఇండికేటర్ ఏదీ?” అన్నాడు హిందీలో.

“లైట్లన్నీ తీసేయమని రూల్ ఉస్తాద్” అన్నాడు మేస్త్రి.

“చెయ్యి? అదీ తీసేయమన్నారా? అదిగో, ఆ పిల్లవాణ్ణి చూసి నేర్చుకో.”

“ఇది రేసు ఉస్తాద్. వేగంగానే పోవాలి.”

“వేగంగా పోయినవాళ్లందర్నీ నేనెరుగుదును. ఫెయిల్. దిగు.”

పాపం, మేస్త్రి తలుపు వెల్డింగ్‌లో ఉందనే సంగతి మరిచి లోపలినుంచి తన్నసాగాడు. ఆయన తర్వాత ముందు బండిని అంటుకుని నడుపుతున్నాడని ఇంకొకణ్ణి, హార్న్ ఊరికే కొడుతున్నాడని మరొకణ్ణి, ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడని వేరొకణ్ణి, అందరినీ ఉస్తాద్ వరసగా దించేశాడు, అంటే ఆపేశాడు. కాసేపటికి ట్రాక్ పక్కన కార్లు బారులు తీరాయి, ప్రతి కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చి వాదిస్తోంది. ట్రాక్ మీద నేనొక్కణ్ణే, కాఫీ కూజా చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు, మిగిలిన చుట్లు తిరుగుతున్నాను. అతిథులు బిర్యానీకి లేచిపోయారు. వంటాయన మాత్రం గరిటె పట్టుకుని చివరిదాకా చూశాడు. చివరి చుట్టులో కూడా సిగ్నల్ ఇచ్చి, పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపాను.

మేస్త్రులంతా అర్బాబ్ మీద పడ్డారు. అర్బాబ్ ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ గడ్డం నిమురుకుని, “నా మాటే కానూన్ అన్నది మీరే” అన్నాడు. నా కొలువు పోయిందనే అనుకున్నాను. ఉన్నట్టుండి అర్బాబ్ పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తలగుడ్డ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. “ముబారక్, హైదరాబాదీ. నా లీగ్ మొదటి రేసు నువ్వు గెలిచావు, ఆఖరి రేసు కూడా నువ్వే గెలిచావు” అన్నాడు. అలా అక్కడ ప్రొఫెషనల్ స్టాక్ కార్ రేసింగ్ మధ్యాహ్నం బిర్యానీ వేళకే పుట్టి, పెరిగి, ముగిసింది.

ఇంతటితో ఆపితే మీరు నన్ను తెలివైనవాడనుకుంటారు, కనుక మిగతాది కూడా చెప్పాలి. వారం తిరక్కుండా టెస్టు వచ్చింది. బావ క్యాంపంతా “మా బామ్మర్ది చాంపియన్” అని చాటించాడు, అది విని విని నేనూ నమ్మేశాను. టెస్టులో రౌండ్ అబౌట్ రాగానే కాలు బ్రేకు వైపే పోలేదు. మనమే నవాబులం కదా. ఎడమకు చూడకుండా ఒక చేత్తో స్టీరింగ్ తిప్పి ఝామ్మని లోపలికి దూరాను. పక్కన కూర్చున్నది ఆ పాత పోలీసాయనే. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు, మళ్లీ ఏదో చదువుకున్నాడు. బయట నిలబడి అంతా చూసిన ఉస్తాద్ దగ్గరికి పోతే, ఆయన నావైపు కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, “నీకు డ్రైవింగ్ ఎవరు నేర్పారు బేటా?” అని అడిగి వెళ్లిపోయాడు.

అర్బాబ్ మాత్రం మాట తప్పలేదు, తాళంచెవిని మేకుకే ఉంచాడు. చలి పోయి ఎండలు ముదిరాక లైసెన్స్ వచ్చింది. అప్పటినుంచి ఆ పచ్చ బండి మీద నేనే. రౌండ్ అబౌట్ దగ్గర ఇప్పటికీ ఎక్కువసేపే ఆగుతాను, వెనకనుంచి హార్న్‌లు మోగుతూనే ఉంటాయి. కాఫీ కూజా గ్యారేజ్ ముందే ఉంది. క్యాంపు గదిలోకి పట్టలేదు. ఏటా ఒక పిల్లి అందులో పిల్లలు పెడుతుంది.

మొన్న స్క్రాప్ వాళ్లు వచ్చి వెనక పెరట్లోని ఆ పాత రేసు కారును తీసుకుపోతామన్నారు. పోయే ముందు ఒక్కసారి కూర్చుందామనిపించింది. తలుపులు బావ చెప్పినట్టే ఇంకా ఊడలేదు. కిటికీలో తల పెట్టాను. భుజాలు పోయాయి. ఛాతీ పోయింది. ఇన్నేళ్లు ఏసీ సీటులో కూర్చుని పెంచుకున్న పొట్ట దగ్గర బండి నన్ను గుర్తుపట్టలేదు. అలా సగం లోపల, సగం బయట వేలాడుతూ చూస్తే, దుమ్ము పట్టిన ఆ సీటులో కూర్చుని కిటికీలోంచి బుద్ధిగా చెయ్యి చాపిన ఆ సన్నటి పిల్లవాడు కనబడ్డాడు. వాడికి జాగా సరిపోయేది. వెనక అడుగుల చప్పుడైంది, తర్వాత డబ్బా మూత తీసిన చప్పుడు.

“గ్రీజు తెచ్చిన” అన్నాడు బావ తీరిగ్గా. “ఇప్పుడు జెప్పు చాంపియన్, నూకాల్నా, గుంజాల్నా?”

“జర ఆగు బావా” అన్నాను. “కొంచెంసేపు గిట్లనే ఉండనియ్యి.”