కాలువ గట్టున ఫైర్ స్టేషన్

మా ఊరి పాత ఫైర్ స్టేషన్‌ను కాలువ గట్టున కట్టారు, నీళ్ళు చేరువలో ఉంటాయని. కట్టిన పెద్దలు ఒక్కటి మరిచారు. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. తాటాకిళ్ళు అంటుకునేదీ అప్పుడే.

మా నాన్న అక్కడ ఫైర్‌మన్. తొంభైల మొదట్లో ఒక మే నెల మధ్యాహ్నం కాలువ అవతలి పేట అంటుకుంది. మొదటి ట్యాంకు నీళ్ళు అయిపోయి బండి కాలువకు వస్తే, అడుగున బురద తప్ప ఏమీ లేదు. పేట సగం కాలిపోయింది.

"ఖాళీ బండేసుకుని గంట కొట్టుకుంటా వచ్చారా? సిగ్గు లేదేంటయ్యా?" అని ఒక ముసలామె మా నాన్నను నిలదీసింది.

ఆ వారంలోనే స్టేషన్ వెనక బావి తవ్వడం మొదలైంది. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. డ్యూటీ దిగినవాడు దిగినట్టే గునపం పట్టాడు. సిమెంటు ఒరలు కూడా వాళ్ళే దించారు. మా నాన్న అరచేతుల బొబ్బలకు మా అమ్మ వెన్న రాసింది. తర్వాతి వేసవుల్లో బండి నీళ్ళకోసం వెతుక్కోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక బైపాస్ రోడ్డులో కొత్త స్టేషన్ కట్టారు. ప్రారంభోత్సవంలో చదవడానికి పాత భవనం చరిత్ర రాయించారు. నోటీసుబోర్డు మీద చూశాను: "సమృద్ధిగా కాలువ నీరు లభించడం ఈ భవనం ప్రత్యేకత." బావి మాటే లేదు. ఈలోగా దాన్ని మట్టితో పూడ్చేశారు కూడా.

ఆ చరిత్రలో బావి సంగతి చేర్చమని ఫైర్ ఆఫీసులో మూడు అర్జీలు పెట్టాను. మూడోదాని మీద గుమాస్తా టీ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రటి మరక నేనింకా మరిచిపోలేదు.

"బావి తవ్వమని ఆర్డరేమన్నా ఉందాండీ?" అని అడిగాడు.

"ఆర్డరుంటే వాళ్ళెందుకు తవ్వుతారండీ? గవర్నమెంటే తవ్వించేది."

"కాగితం లేకపోతే ఎలా రాస్తామండీ మాస్టారూ? అయినా మీ నాన్నగారు సొంతానికి తవ్వుకున్నారేంటి, మీకింత పట్టుదల!"

"సొంతానికైతే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదండీ."

ప్రారంభోత్సవం రోజున ఆ తప్పుడు చరిత్రనే మైకులో చదివారు. నేను లేచి నిలబడ్డాను.

"మా నాన్న పేరు అక్కర్లేదండీ. బావి సిబ్బందే తవ్వారన్న ఒక్క ముక్క చదవండి చాలు."

"తర్వాత మాట్లాడుకుందామండీ, కూర్చోండి," అన్నారు వేదిక మీది అధికారి.

నేను కూర్చోలేదు. వెనక నుంచి ఎవరో, "మాస్టారూ, స్టేజీ కనపడట్లేదండీ, మీ వీపే కనపడతంది," అన్నారు. నలుగురు నవ్వారు. అయినా కూర్చోలేదు. ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా అలాగే ఉన్నాను.

చివర్లో జాతీయగీతం మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. ఆలస్యంగా లోపలికి వచ్చిన ఫొటోగ్రాఫరుకు ఆ గుంపులో నేనూ ఒకణ్ణే.