ఎవరూ అడగని చరణం

లిఫ్టు మెకానిక్‌కి ఓ పాత రాక్ బ్యాండంటే ప్రాణం. లోకమంతా వాళ్ల ఒకే ఒక్క హిట్ పాడుకుంటే, ఇతను ఎవరూ పట్టించుకోని పాటలను క్యాసెట్లు అరిగేదాకా విన్నాడు. ఒకరోజు లిఫ్టు బాగుచేస్తుంటే, ఐదో అంతస్తులో ఎదురుచూస్తున్న పెద్దాయనే ఆ బ్యాండు గిటారిస్టు అని గుర్తుపట్టాడు.

"సార్, రెండో క్యాసెట్టులో చివరి పాట మధ్యలోనే ఆగిపోతుంది. ఎందుకండీ?"

"మా సింగర్ అలిగి వెళ్లిపోయాడు బాబూ. ఇంకో చరణం ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు." పెద్దాయన గోడమీద తాళం వేస్తూ రెండు లైన్లు పాడి, మూడోదానికి తడుముకున్నాడు.

ఆ సాయంత్రం మెకానిక్ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే భార్య విసుక్కుంది. "కాసేపు కూర్చోవయ్యా, కళ్లు తిరుగుతున్నాయి!"

మర్నాడు లిఫ్టు బాగానే ఉన్నా మళ్లీ వెళ్లాడు. పెద్దాయన తలుపు తీస్తూనే, "నీ పుణ్యమా అని కంటిమీద కునుకు లేదయ్యా! లోపలికి రా, మూడోది దొరికింది," అన్నాడు.