ముఖం మీద జాలీ

మా తాత దుర్గయ్య లెక్కలో పిల్లల పుస్తకాల్లోని రాజకుమారులందరూ వంటవాళ్లే. కత్తి పట్టుకోమంటే గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటారు.

చిక్కడపల్లిలో ఒక ప్రెస్సు వెనక గదిలో నలభై రెండేళ్లు పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించిన మనిషి ఆయన. సంతకం దాకానే చదువు కాబట్టి లోపలి కథలు తెలియవు. బొమ్మలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. పగలంతా బైండింగు, సాయంత్రం దోమలగూడ తాలీంలో కుర్రాళ్లకు కర్రసాము, కత్తిసాము నేర్పడం. అందుకే కత్తి ఉన్న ప్రతి అట్టతోనూ ఆయనకు తగువే.

"వీని కాళ్లు జూడు," అనేవాడు, మైదా జిగురు బ్రష్షు చేతిలో ఉండగానే. "రెండు ఒక్క గీత మీద వెట్టిండు. నేను ఊదితె పడ్తడు. వీడు రాజ్యం గెలుస్తడంట."

ఇప్పుడు ఆ ప్రెస్సు లేదు. తాలీం ఉన్నచోట బైకులు పెడుతున్నారు. తాత వెక్కిరింత మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆయన ఎడమ కన్ను చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పనిచేయదు. కుర్రతనంలో పుస్తకాలు కుట్టే సూది తగిలిందని ఇంట్లో అందరికీ చెప్పాడు. "పెండ్లిచూపులల్ల నేను ఎడమ దిక్కు కూసున్న. గందుకే నన్ను ఒప్పుకున్నడు," అంటుంది మా అవ్వ లక్ష్మవ్వ.

పోయిన ఏడు అశోక్‌నగర్‌లో పిల్లల పుస్తకాలు వేసే వీరరాఘవరావు గారికి ఒక నవల వచ్చింది. రాసింది సుధీంద్ర. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ఆరేళ్లు గ్రూప్స్‌కు చదివి, ఆ తర్వాత నవలల మీద పడ్డాడు. నారాయణగూడలో కాలేజీలో చేరిన రేణుక అనే పిల్ల ఫెన్సింగ్ నేర్చుకుని కప్పు గెలవడం కథ. అచ్చుకు ఇచ్చే ముందు ఫెన్సింగ్ తెలిసినవాళ్లు ఒకసారి వింటే బాగుంటుందని రావుగారు నలుగురికీ చెప్పారు.

మొదట వెళ్లింది ప్లాట్లకు కంచెలు వేసే మా గల్లీ నాగేందరన్న. చేతిలో టేపు. "ఎన్ని గజాల ప్లాటు సార్? రాతి కడీలా, సిమెంటు పోల్సా?" అని అడిగాడట. విషయం తెలిశాక, "కత్తులదా? గట్లయితే మా దుర్గయ్య తాతను పిలువుండ్రి," అని చెప్పి టేపు చుట్టుకుని వచ్చేశాడు.

చదివి వినిపించడానికి తాత నన్ను వెంట తీసుకుపోయాడు. ఇంటర్ రెండుసార్లు తప్పిన నాకు ఒత్తులంటే కొంచెం భయం. "రోజా, నువ్వు సదువుతుంటె ఆ పిల్ల కత్తి తీసెటాలకు పొద్దుగూకుతది," అన్నాడు తాత. అయినా చదివాను.

తొమ్మిదో పేజీలో రేణుక అరగంట పోరాడింది.

"అరగంటా? మూడు నిమిషాలకే నాలుక బయటికొస్తది."

పదిహేనో పేజీలో కత్తులు తగిలి నిప్పురవ్వలు రాలాయి.

"గది ఆట జాగనా, వెల్డింగ్ దుకాణమా?"

ఇరవై రెండో పేజీలో రేణుక కత్తి తిప్పుతూనే స్నేహం గురించి ఏడు వరుసలు మాట్లాడింది. తాత లేచి బల్ల మీది చెక్క స్కేలు తీసుకున్నాడు, సుధీంద్ర చేతికి ఇంకొకటి ఇచ్చాడు.

"నేను కొడ్త. నువ్వు ఆపుకుంట గా ఏడు లైన్లు సదువు."

సుధీంద్ర "మిత్రమా, ఓటమి అంటే" అన్నాడు. మోచేతి మీద పడింది. "ఓటమి అంటే" అని మళ్లీ మొదలుపెట్టాడు. భుజం మీద పడింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, కాలు కదిపినట్టే లేదు. మూడోసారి "అబ్బా" దగ్గర ఆగిపోయింది.

"గదే రాయి," అన్నాడు తాత కూర్చుంటూ. "అబ్బా అన్నదొక్కటే నిజమైన మాట."

సుధీంద్ర మంచివాడు. మోచేయి రుద్దుకుంటూనే అన్నీ కొట్టేశాడు. అరగంట మూడు నిమిషాలైంది, రవ్వలు పోయాయి, ఏడు వరుసలు ఒక మాటయ్యాయి.

నలభై ఒకటో పేజీ దగ్గర చిక్కొచ్చింది. ఆఖరి పోటీ. నీకు భయమని ఎదుటి పిల్ల ఎగతాళి చేస్తుంది. రేణుక ముఖానికున్న ఇనుపవల జాలీ మాస్కు తీసి విసిరికొట్టి, ఉత్త ముఖంతో ఆడి గెలుస్తుంది. కోచ్ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

నేను చదవడం ఆపాను. తాత వెక్కిరించలేదు. "మల్లొక్కసారి సదువు," అన్నాడు. అంతకుముందు ఏ పేజీనీ ఆయన రెండోసారి అడగలేదు.

విన్నాక, "ఇది తీసెయ్," అన్నాడు.

"మిగిలినయన్ని మార్చిన గద తాతా. ఇది మాత్రం తియ్య. పుస్తకానికి పానమే ఇది," అన్నాడు సుధీంద్ర.

"పిల్లలకు ధైర్యం రావాలి కదండీ," అన్నారు రావుగారు.

"మాస్కు లేకుంటె ఆ ఆట ఆడనే ఆడనియ్యరు. నా మన్మరాలు ఫోన్ల సూపెట్టింది."

"కథే గద తాతా. మాస్కు తీసుడంటె ఆమెకు భయం లేదని అర్థం."

తాత కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు. "నా ఎడమ దిక్కు రా. కుడి కన్ను మూసుకున్న. వేళ్లు సూపెట్టి ఎన్నో అడుగు."

సుధీంద్ర నాలుగు వేళ్లు చూపించాడు. "ఎన్ని?"

"తెల్వదు."

రెండు చూపించాడు. "ఇప్పుడు?"

"తెల్వదు బిడ్డా. యాభై ఏడేండ్ల సంది తెల్వదు."

నేను సూది సంగతి చెప్పబోయాను. తాత చెయ్యెత్తి ఆపాడు.

"సూది కాదు. మా ఉస్తాదు కొత్తోళ్ల మొఖానికి వెదురు బుట్ట బోర్లిచ్చి కట్టేటోడు. గది ఉంటెనే కర్ర ముట్టనిచ్చేది. ఆ దినం పొద్దుగాల నేను పిల్లల పత్రికకు అట్టలు అంటిచ్చిన. అట్ట మీద రాజకుమారుడు. ఉత్త మొఖం. నవ్వుకుంట ఇద్దర్ని కొడ్తుండు. వానికి లేని బుట్ట నాకెందుకనుకున్న. సాయంత్రం దోస్తులు జూస్తుండంగ తీసి పారేసిన." ఎడమ కంటిని వేలితో చూపించి, "నాకు సదువు రాదు. బొమ్మకే కన్ను పోయింది. నీ పుస్తకం సదువొచ్చిన పిల్లలు సదువుతరు," అన్నాడు.

సుధీంద్ర ఎర్ర పెన్ను తీసి పేజీకి అడ్డంగా గీత కొట్టాడు. రేణుక మాస్కు పెట్టుకునే గెలిచింది.

దాంతో అయిపోయిందనుకున్నాం. నెల తర్వాత ఎల్లేష్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు తాత దగ్గర కర్రసాము నేర్చుకున్నవాడు, ఇప్పుడు నారాయణగూడలో బైండింగు దుకాణం నడుపుతున్నాడు. "ఉస్తాద్, మీ కత్తుల పుస్తకం వచ్చింది. ఒక్కసారి వస్తవా?"

వెళ్లాం. మూడు వందల పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. అట్ట మీద రేణుక జుట్టు ఎగరేసుకుంటూ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ కత్తి దూసింది. మాస్కు కాళ్ల దగ్గర పడి ఉంది. బొమ్మ వేసినాయనకు పాత కథే చెప్పారట.

తాత రావుగారికి ఫోన్ చేశాడు.

"ప్రింటైపోయిందండీ. రేపు సాయంత్రమే ఆవిష్కరణ. ఇప్పుడేం చేయగలం? లోపల మార్చాం కదా."

"సదువురానోళ్లు లోపల సూడరు సార్," అని తాత ఫోన్ పెట్టేశాడు. నా వైపు తిరిగి, "జిరాక్సు దుకాణంల నల్ల పెన్నులు దొరుకుతయా?" అన్నాడు.

పది తెచ్చాను. ప్రతి అట్ట మీదా రేణుక ముఖానికి నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు. పొద్దువాలేదాకా ముగ్గురం అదే పని. ఒంటికన్ను మనిషి గీతలు దారం పట్టి కొట్టినట్టు వచ్చాయి.

"నీ మన్మరాలు గీసింది దోమతెర లెక్కుంది ఉస్తాద్," అన్నాడు ఎల్లేష్.

"దోమనన్న ఆపుతది తియ్," అన్నాడు తాత.

మర్నాడు చిక్కడపల్లి హాల్లో కట్ట విప్పగానే రావుగారి ముఖం తెల్లబోయింది. ఒకటి తీశారు, ఇంకొకటి తీశారు. "ఏంటండీ ఇది, ఎవరు పాడుచేశారు?" అన్నారు. సుధీంద్ర అట్టను చూశాడు, వెనక వరుసలో అమాయకంగా కూర్చున్న తాతను చూశాడు. "నేనే గీయమన్న సార్," అన్నాడు. జీవితంలో మొదటిసారి తాత ఒక రచయితను మెచ్చుకుంటున్నట్టు చూశాడు. అది కూడా ఒక్క క్షణమే.

మా ముందు వరుసలో పదేళ్ల పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని గీతల మీద వేలితో రాస్తోంది. "అమ్మా, ఈ అక్క మొఖానికి జాలీ ఎందుకు?"

"కత్తి కండ్లకు తగలకుంట," అంది వాళ్లమ్మ, ఫోన్ నుంచి తలెత్తకుండానే.

తాత విన్నాడు. నా చేతిలోని పుస్తకం తీసుకుని, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుంటాడేమోనని నేను ఎదురుచూశాను.

"జాలీ సరే," అన్నాడు. "కాళ్లు జూడు. ఇది గూడ రెండు ఒక్క గీత మీదనే వెట్టింది."