బాపు బిగించిన సీల్

మా వ్యాన్ కింద నూనె మరక మొదట్లో రూపాయి బిళ్లంత ఉండేది. నెల తిరిగేసరికి కంచమంత అయింది. బాపు రోజూ పొద్దున్నే వంగి దాన్ని చూసి, పిడికెడు ఇసుక పోసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వచ్చేవాడు. ఆయన మాట్లాడలేదంటే విషయం పెద్దదని ఇంట్లో అందరికీ తెలుసు. అందరం అంటే అవ్వ, నేను. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలవడం మా ఇంట్లో అలవాటు.

అవ్వకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. గోదావరిఖనిలో డయాలిసిస్‌కు ఖాళీ దొరక్క కరీంనగర్‌లో పేరు రాయించాం. మంగళవారం, శుక్రవారం పొద్దున ఏడింటికల్లా మంచం మీద ఉండాలి, లేకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. వెళ్లేటప్పుడు ఎలాగో కూర్చునేది గానీ, తిరిగి వచ్చేటప్పుడు అవ్వకు మెడ నిలిచేది కాదు. అందుకే బాపు పాత వ్యాన్ ఒకటి కొని, మధ్య సీటు పీకేసి పరుపు వేశాడు. తనే నడిపేవాడు. గుంత వచ్చిన ప్రతిసారీ "జర పట్టుకో" అని వెనక్కి కేకేసేవాడు.

బాపు బొగ్గుబాయిలో పంపుల ఫిట్టర్. ముప్పై ఏళ్లు భూమి కింద నీళ్లు తోడే పంపులతోనే బతికాడు. రిటైరయ్యాక ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది. ఆసుపత్రిలో ఏ కాగితం ఎక్కడివ్వాలో తెలిసేది కాదు. నేను బడిలో టీచర్ని. పొద్దస్తమానం పిల్లల తప్పులు దిద్ది దిద్ది నా నోరు పాడైపోయింది. ఒక శుక్రవారం కౌంటర్ దగ్గర ఆయన వేరే కాగితం ఇస్తుంటే, పదిమంది ముందు చేతిలోంచి లాక్కొని, "నీతోని కాదు, పక్కకు జరుగు బాపూ" అన్నాను. జరిగాడు. గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇంటికి వచ్చేదాకా నన్ను నేను తిట్టుకున్నాను గానీ, ఆయనకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

ఆ రోజే దారిలో నూనె పూర్తిగా తగ్గిపోయి ఎర్ర లైటు వెలిగింది. డబ్బాలో ఉన్నది పోసుకొని ఎలాగో ఇల్లు చేరాం. శనివారం మెకానిక్ వచ్చి కింద దూరి చూశాడు.

"వెనక సీల్ పోయింది. గేర్‌బాక్స్ దించాలె. నాకు బుధవారం దాక తీరది."

ఇంజిన్‌లో తిరిగే ఇరుసు వెనక నుంచి బయటికి వచ్చేచోట దాని చుట్టూ బిగించి ఉండే రబ్బరు రింగు అది. అరచేతిలో పట్టే వస్తువు. దాన్ని మార్చాలంటే మాత్రం బండిని సగం విప్పాలి.

"మంగళారం ఎట్ల మరి?" అన్నాను.

"నేనేస్త తియ్," అన్నాడు బాపు. "సీళ్లు నాకేమన్న కొత్తనా?"

ఆదివారం పొద్దున వ్యాన్‌ను చెక్క దిమ్మెల మీదికి ఎత్తి, గోనెసంచులు పరుచుకొని కింద దూరాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నేనూ చున్నీ నడుముకు చుట్టుకొని పక్కన పడుకున్నాను. లైటు పట్టడం, అడిగిన పానా అందివ్వడం నా పని. పద్నాలుగు పానా అడిగితే పన్నెండుది ఇచ్చాను.

"టీచరమ్మకు లెక్కలు రావాయె," అని నవ్వాడు. ఆయన నన్ను ఆటపట్టించి ఎన్నాళ్లయిందో.

రెండు బోల్టులు తుప్పుపట్టి మొరాయించాయి. నాకు విసుగు. ఆయన మాత్రం డీజిల్ పోసి, మెల్లగా తట్టి, కళ్లు మూసుకొని పడుకున్నాడు. "ఇనుముతోని జబర్దస్తీ నడువది బిడ్డా, అది ఒప్పుకోవాలె" అన్నాడు. గేర్‌బాక్స్‌ను జాకీ మీదికి దించుతున్నప్పుడు అదెక్కడ ఆయన ఛాతీ మీద పడుతుందోనని నా పై ప్రాణం పైనే పోయింది. అది ఆయన చెప్పినట్టే విని కిందికి దిగింది. నీళ్లు తాగడానికి బయటికి వస్తే, గడప దగ్గర కుర్చీలో కూర్చున్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనను ఏమనకే. గియ్యాల మంచిగున్నడు."

పాత సీల్ పీకినప్పుడు నేను చూశాను. దాని రబ్బరు అంచూ, అంచు చుట్టూ ఉన్న సన్నటి స్ప్రింగూ ఇంజిన్ లోపలి వైపుకు ఉన్నాయి. బాపు బజారు నుంచి తెచ్చిన కొత్తదానికి నూనె రాసి, వేళ్లతో తడిమి, స్ప్రింగ్ మా వైపుకు వచ్చేట్టు పెట్టాడు. చెక్కముక్క ఆనించి, చుట్టూ సుత్తెతో ఒక్కో దెబ్బా వేస్తూ కూర్చోబెట్టాడు. వంకర లేదు, గీత పడలేదు. ముచ్చటగా ఉంది.

బాయిలో పంపులకు అదే పద్ధతని నాకు తర్వాత తెలిసింది. అక్కడ బయటి బురదనీళ్లను ఆపాలి కాబట్టి అంచు బయటికి చూడాలి. ఇంజిన్‌లో ఆపాల్సింది లోపలి నూనెను. ముప్పై ఏళ్లు చేసిన చెయ్యి ఎవర్నీ అడగకుండా తన పని తాను చేసుకుపోయింది.

"పాతది గిట్ల లేకుండె గద బాపూ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాను. నుదుటి మీద నల్ల నూనె, పళ్ల మధ్య నాలుక కొస. నా చిన్నప్పుడు డ్యూటీ నుంచి వచ్చే మనిషి. మళ్లీ ఆయన్ను గోడ పక్కన నిలబెట్టబుద్ధి కాలేదు, ఊరుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం కూడా చెప్పాలి. నా నడుము పడిపోయింది. ఇంట్లో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. ఆ సీల్ మళ్లీ పీకితే పాడవుతుంది, ఇంకోటి వెతకాలి, పని మళ్లీ మొదటికొస్తుంది. ముప్పై ఏళ్ల ఫిట్టర్‌కు నేను చెప్పేదేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం వ్యాన్‌ను వాడ చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చాడు. కింద చుక్క పడలేదు. అవ్వను పిలిచి మరీ చూపించాడు. ఆమె తలుపు పట్టుకొని వంగినంత వంగి, "సాఫుగుంది" అంది. నేను పొరపాటున చూసి ఉంటానని నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది.

మంగళవారం సుల్తానాబాద్ దాటాక ఇంజిన్ అరవడం మొదలుపెట్టింది. మోత పెరుగుతోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. మాడిన వాసన. కారిన నూనె క్లచ్ మీద పడింది. బాపు దిగి, కిందికి చూసి, అలాగే రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. చివరికి నేనే బస్సు ఆపాను. ఇద్దరం కలిసి అవ్వను ఎత్తి ఎక్కించాం.

మేం చేరేసరికి ఎనిమిది దాటింది. మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఎవరైనా రాకపోతే చూస్తామన్నారు. వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అవ్వకు ఆయాసం ఎక్కువైతే లోపలికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు. మమ్మల్ని రానివ్వలేదు.

అప్పుడు బాపు నోరు విప్పాడు.

"సీల్ ఉల్టా పెట్టిన. బాయిల పెట్టినట్టు పెట్టిన." నా వైపు తిరిగాడు. "లైటు వట్టినవు గద బిడ్డా. నీకేమన్న కనవడ్డదా?"

అందులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. చూశానంటే, మరెందుకు చెప్పలేదని అడుగుతాడు. నిన్ను చూసి జాలిపడ్డానని ఆ మనిషితో ఎలా అనను?

"లేదు బాపూ. నేను సూడలే."

"నీకెట్ల తెలుస్తది తియ్," అన్నాడు. "నేను సూసుకోవాలె."

మూడింటికి మంచం దొరికింది. నాలుగు గంటలు నడపాల్సిన మెషిన్ రెండు గంటలే నడిపారు.

అవ్వ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. పోయింది గుండె ఆగి. డాక్టర్లెవరూ ఆ మంగళవారం గురించి మాట్లాడలేదు. బాపు మాత్రం దినాలకు వచ్చిన ప్రతి ఒక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని అదే చెప్పాడు. "నేను సీల్ ఉల్టా పెట్టిన. గప్పటి సంది ఆమె కోలుకోలే." వాళ్లు ఆయన భుజం మీద చెయ్యి వేసి, గట్లనకు అనేవారు. నేను వాళ్లందరికీ చాయ్ ఇస్తూ పక్కనే ఉన్నాను. వచ్చిన ప్రతి మనిషికీ ఆయన చెప్పడం విన్నాను, ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.